కరెంటు పోయి వచ్చాక బిల్లుల టేబుల్ చదివితే మైఎస్‌క్యూఎల్ పడిపోతోంది, ఫోర్స్ రికవరీ 6 పెట్టొచ్చా?

తెనాలి_డెవ్:

అందరికీ నమస్కారం. ఎరువులు, పురుగుమందులు అమ్మే ఒక షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేనే చూస్తుంటాను. ఉబుంటు మెషిన్, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ 5.7, మామూలు హార్డ్ డిస్క్. నిన్న సాయంత్రం గాలివానకి కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ నిలబడలేదు, మెషిన్ ఒక్కసారిగా ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే మైఎస్‌క్యూఎల్ మామూలుగానే లేస్తోంది, కస్టమర్ల టేబుల్ బాగుంది, ఇవాళ్టి బిల్లులు కనిపిస్తున్నాయి. కానీ పాత నెలల రిపోర్ట్ తీయగానే సర్వరే పడిపోతోంది, క్లయింట్‌లో 2013 ఎర్రర్, అంటే క్వెరీ మధ్యలో కనెక్షన్ పోయిందని. ఎర్రర్ లాగ్‌లో అయితే డిస్క్ మీద పేజీ (డేటా ముక్క) కరప్ట్ అయింది లేదా ఫైల్ చదవడం కుదరలేదు అని రాసి స్పేస్ నంబరు, పేజీ నంబరు ఇస్తోంది.

స్టాక్ కదలికల టేబుల్ ఇంకోటి ఉంది, అది పాతది, మైఐసామ్ (టేబుళ్లను దాచే పాత స్టోరేజ్ ఇంజిన్). అది తెరిస్తే 145, టేబుల్ క్రాష్ అయింది, రిపేర్ చేయమంటోంది.

బిల్లుల టేబుల్ ఇన్నోడీబీ, అంటే ఇప్పటి మామూలు స్టోరేజ్ ఇంజిన్. దాని మీద రిపేర్ టేబుల్ వేస్తే ఈ స్టోరేజ్ ఇంజిన్‌కి రిపేర్ లేదంటోంది. తెలిసినాయన ఒకరు ఇన్నోడీబీ_ఫోర్స్_రికవరీ 6 పెట్టి స్టార్ట్ చెయ్, అంతా వచ్చేస్తుంది అన్నారు. ఇంకా పెట్టలేదు. చివరి డంప్ (బ్యాకప్) ఆదివారానిది, మార్పులన్నీ వరసగా రాసుకునే బిన్‌లాగ్ ఈ మెషిన్‌లో లేదు. సీజన్ టైము, షాపులో చేత్తో బిల్లులు రాసుకుంటున్నారు, అందరూ టెన్షన్‌లో ఉన్నారు. ఏం చేయమంటారు?

పాత_డీబీఏ:

6 పెట్టకండి. ఇది మొదట చెప్పాలి, మిగతావన్నీ తర్వాత.

ఆ నంబర్లు చాలామంది ఎక్కువ పెడితే ఎక్కువ రిపేర్ అవుతుందనుకుంటారు. అది రిపేర్ కాదు, ఇన్నోడీబీ మామూలుగా చేసే ఒక్కో పనిని మానేయమని చెప్పడం. 1 అంటే పాడైన పేజీ కనిపించినా ఆగకుండా ముందుకు పో, 3 అంటే సగంలో ఆగిన ట్రాన్సాక్షన్లను వెనక్కి తిప్పకు, 6 అంటే క్రాష్ తర్వాత మార్పులను తిరిగి తెచ్చే రీడూ లాగ్‌నే పట్టించుకోకు. 4 నుంచి పైకి పోతే డేటా ఫైళ్లు శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం ఉందని మాన్యువల్లోనే ఉంది. అయినా మీ సర్వర్ ఏ సెట్టింగూ లేకుండానే లేస్తోంది కదా, అంటే క్రాష్ రికవరీ అప్పుడే పూర్తయిపోయింది, రీడూ లాగ్‌తో మీకు గొడవే లేదు. ఇంక 6 దేనికి?

రెండోది, నాకు కరెంటు పోవడం మీద అంత అనుమానం లేదు. ఇన్నోడీబీ 16 కేబీ పేజీని దాని చోట రాసే ముందు డబుల్‌రైట్ బఫర్‌లో ఒకసారి రాసుకుంటుంది, సగం రాస్తుండగా కరెంటు పోయినా లేచేటప్పుడు అక్కడి నుంచి మంచి పేజీ తెచ్చి పెట్టుకుంటుంది. పైగా మీరు పాత నెలలు అంటున్నారు. ఆ పేజీల్లో నిన్న సాయంత్రం ఎవరూ పెద్దగా రాసి ఉండరు. రాయని పేజీ పాడైందంటే డిస్కే పోతోందేమో చూడాలి. కెర్నెల్ మెసేజ్‌లు చూపే డీమెసేజ్‌లో ఐఓ ఎర్రర్లు ఉన్నాయా, డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్ట్‌లో పెండింగ్ (చదవలేకపోతున్న) సెక్టార్లు, రీఅలొకేటెడ్ (పాడై మార్చేసిన) సెక్టార్లు ఎన్ని చూపిస్తోంది, ఈ రెండూ చూసి ఇక్కడ పెట్టండి. అప్పటిదాకా మైఎస్‌క్యూఎల్ ఆపేయండి, డేటా డైరెక్టరీలో ఏదీ ముట్టుకోకండి, చెక్ టేబుల్ కూడా వేయకండి.

తెనాలి_డెవ్:

చూశాను అన్నా. డీమెసేజ్ నిండా రీడ్ ఎర్రర్లే, పెండింగ్ సెక్టార్లు సున్నా కాదు. మరి డేటా డైరెక్టరీని మామూలుగా కాపీ కొట్టేసి కొత్త డిస్క్‌లో పెట్టేయనా?

పాత_డీబీఏ:

మామూలు కాపీ ఆ సెక్టార్ దగ్గర ఐఓ ఎర్రర్ ఇచ్చి ఆ ఫైల్ సగంలో వదిలేస్తుంది, లేదా డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నించి ఇంకా అరిగిపోతుంది. మెషిన్ ఆపి లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, పాత డిస్క్ మౌంట్ చేయకుండా, జీఎన్‌యూ డీడీరెస్క్యూతో మొత్తం డిస్క్‌ని కొత్త డిస్క్ మీదకి తీయండి. అది ముందు సులువుగా చదవగలిగినదంతా తెచ్చేసి, మొండికేసిన చోట్లకి తర్వాత వస్తుంది, మ్యాప్ ఫైల్ ఇస్తే మధ్యలో ఆపినా మళ్లీ అక్కడి నుంచే మొదలుపెడుతుంది. కొత్త డిస్క్ మీదకి వచ్చాక డేటా డైరెక్టరీకి ఇంకో కాపీ తీసి పక్కన పెట్టండి. పని చేసేది ఒక కాపీ మీద, ముట్టుకోనిది ఇంకోటి. రిపేర్‌లో ఏ అడుగైనా వెనక్కి తీసుకోవాలంటే ఇదొక్కటే దారి.

ఆ తర్వాత సర్వర్ స్టార్ట్ చేయకుండానే బిల్లుల ఐబీడీ ఫైల్ (ఆ టేబుల్ డేటా ఫైల్) మీద, పేజీలను సరిచూసే ఇన్నోచెక్‌సమ్ నడపండి. అది మొదటి తేడా దగ్గరే ఆగిపోతుంది కాబట్టి అలో మిస్‌మ్యాచెస్ ఆప్షన్‌కి పెద్ద నంబరు ఇవ్వండి, అప్పుడు ఎన్ని పేజీలు పోయాయో తేలుతుంది.

రాత్రి_షిఫ్ట్:

పైన చెప్పిన దానికి నాదొక మాట. ఏ పేజీ పోయిందన్నది ఎంత ముఖ్యమో అది ఏ ఇండెక్స్ పేజీ అన్నది అంతకంటే ముఖ్యం. ఎర్రర్ లాగ్‌లో పేజీ డంప్ కింద ఇండెక్స్ ఐడీ ఇస్తుంది, 5.7 అయితే ఇన్ఫర్మేషన్ స్కీమాలో ఇన్నోడీబీ_సిస్_ఇండెక్సెస్‌లో ఆ ఐడీ వెతికితే పేరు దొరుకుతుంది. సెకండరీ ఇండెక్స్ (వెతకడానికి అదనంగా కట్టినది) అయితే ఊపిరి పీల్చుకోండి, డేటా ఎక్కడికీ పోలేదు, ఆ ఇండెక్స్‌ని ఒక కమాండ్‌లో తీసేసి ఇంకో కమాండ్‌లో మళ్లీ కట్టుకుంటే అయిపోతుంది. ప్రైమరీ అని వస్తే మాత్రం, ఇన్నోడీబీలో వరసలు ఉండేదే ప్రైమరీ కీ చెట్టు ఆకుల్లో కాబట్టి, ఆ పేజీలోని బిల్లులు పోయినట్టే లెక్క. వరస 200 బైట్లు అనుకుంటే పేజీకి డెబ్బై, ఎనభై బిల్లులు.

తెనాలి_డెవ్:

డీడీరెస్క్యూ అయింది, చాలా కొద్ది చోట్లే చదవలేకపోయింది. ఇన్నోచెక్‌సమ్ బిల్లుల ఫైల్‌లో ఒక్క పేజీయే చూపించింది. ఇండెక్స్ పేరు ప్రైమరీ. ఇప్పుడు?

రాత్రి_షిఫ్ట్:

అయితే ఉన్నది ఉన్నట్టు బయటికి లాగి కొత్త సర్వర్‌లో పోయడమే, ఆ ఫైల్‌ని అక్కడే బాగుచేసే ఆలోచన వదిలేయండి. ఫోర్స్ రికవరీ 1 తో స్టార్ట్ చేయండి, 1 చాలు. 0 కంటే ఎక్కువ ఉన్నంతసేపు ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ ఒప్పుకోదు, మనకి కావాల్సిందీ అదే. మైఎస్‌క్యూఎల్‌డంప్‌కి వేర్ కండిషన్ ఇచ్చి ఐడీ రేంజ్‌లుగా తీయండి. పాడైన పేజీ తగిలిన రేంజ్ దగ్గర సర్వర్ మళ్లీ పడిపోవచ్చు, కంగారు పడకుండా లేపి ఆ రేంజ్‌ని సగానికి, మళ్లీ సగానికి తగ్గించుకుంటూ పోండి. అవతలి అంచు తెలియాలంటే ఐడీ మీద డిసెండింగ్‌లో చదవండి, వెనక నుంచి వచ్చి ఎక్కడ ఆగుతుందో అదే అంచు.

పోయిన బిల్లులకి ఒక చిట్కా ఉంది, ఇది చాలామంది వాడరు. ప్రతి సెకండరీ ఇండెక్స్‌లోనూ ఆ కాలమ్‌లతో పాటు ప్రైమరీ కీ కూడా దాచి ఉంటుంది. అవి వేరే పేజీలు, మీ దగ్గర బాగానే ఉన్నాయి. ఫోర్స్ ఇండెక్స్ ఇచ్చి ఆ ఇండెక్స్‌లో ఉన్న కాలమ్‌లు మాత్రమే సెలెక్ట్ చేస్తే ప్రైమరీ చెట్టు దాకా పోకుండానే జవాబు వస్తుంది. క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్‌లో యూజింగ్ ఇండెక్స్ అని కనిపించాలి, సెలెక్ట్ స్టార్ పెట్టారో మళ్లీ పాడైన పేజీకే పోతుంది. బిల్లుల మీద ఏ ఇండెక్స్‌లు ఉన్నాయి?

తెనాలి_డెవ్:

బాకీల రిపోర్ట్ కోసం కస్టమర్ ఐడీ, బాకీ కలిపి ఒకటి ఉంది. తేదీ మీద ఇంకోటి.

కృష్ణా_కోడర్:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పాత నెలల బిల్లులే కదా పోయింది, అవి ఆదివారం డంప్‌లో ఉంటాయి కదా? ఆ ఐడీలు డంప్ నుంచి తీసుకుంటే సరిపోదా, ఇంత కష్టం దేనికి?

రాత్రి_షిఫ్ట్:

కరెక్ట్, తీసుకోవాల్సింది అక్కడి నుంచే. ముందు ఆ డంప్ చివరి లైన్‌లో డంప్ కంప్లీటెడ్ అని తేదీతో ఉందా చూడాలి, ఉంటే ఆదివారానికి ఆ పేజీ బాగున్నట్టే, ఎందుకంటే డంప్ ప్రతి వరసనీ ప్రైమరీ నుంచే చదువుతుంది. కానీ ఎరువుల షాపులో పాత బిల్లు అంటే ముగిసిపోయిన బిల్లు కాదు, రైతులు అప్పు మీద తీసుకెళ్లి తర్వాత వచ్చి కట్టిపోతుంటారు. ఆదివారం తర్వాత ఎవరైనా కట్టి ఉంటే డంప్‌లో పాత బాకీయే ఉంటుంది, దాన్ని అలాగే ఎక్కిస్తే కట్టిన మనిషిని మళ్లీ కట్టమంటాం. అది చాలా అన్యాయం. అందుకే వరస డంప్ నుంచి, బాకీ మాత్రం ఇండెక్స్ నుంచి, రెండూ ఐడీ మీద కలిపి తేడా వచ్చినవి షాపు రసీదులతో సరిచూసుకోవాలి.

తెనాలి_డెవ్:

అలాగే చేశాను. 48211 నుంచి 48286 దాకా పోయాయి, 76 బిల్లులు. డంప్ పూర్తయినదే, అన్నీ అందులో దొరికాయి. బాకీ ఇండెక్స్‌తో పోలిస్తే కొందరి బాకీ తగ్గి ఉంది, రసీదు పుస్తకంలో చూస్తే ఇండెక్స్ చెప్పినదే నిజం. చాలా థ్యాంక్స్ అన్నా, ఇది నాకు తట్టేది కాదు.

స్టాక్ టేబుల్ మిగిలింది. దాని మీద రిపేర్ టేబుల్ వేసేయనా?

పాత_డీబీఏ:

మైఐసామ్ అయితే రిపేర్ ఉంది, వేయండి, కానీ కాపీ మీద. క్రాష్ మార్క్ పడటం మామూలే, తెరిచి ఉండగా కరెంటు పోతే అంతే, దానికి రీడూ లాగ్ లాంటిదేమీ లేదు. ముందు క్విక్ అని ఇస్తే ఇండెక్స్ ఫైల్ మాత్రమే కడుతుంది, డేటా ఫైల్ ముట్టుకోదు. అది కుదరకపోతేనే మామూలు రిపేర్. వరసల సంఖ్య ఇంత నుంచి ఇంతకి మారింది అని వార్నింగ్ వస్తే అక్కడ ఆగి చూడండి, అన్ని వరసలు పారేసిందని దానర్థం, కింద స్టేటస్ ఓకే అని ఉన్నా సరే. యూజ్ ఎఫ్‌ఆర్‌ఎం అనే ఆప్షన్ ఎంవైఐ ఫైల్ (ఇండెక్స్ ఫైల్) పోయినప్పుడో దాని హెడర్ పాడైనప్పుడో తప్ప వాడొద్దు. మైఐసామ్‌చెక్ వాడాలనుకుంటే సర్వర్ ఆపి ఉండాలి. అయ్యాక ఆ టేబుల్‌ని కొత్త సర్వర్‌లో ఇన్నోడీబీకి మార్చేయండి, డబ్బు, సరుకు లెక్కలు ఇంకా మైఐసామ్‌లో ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

కృష్ణా_కోడర్:

సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నా, మా తమ్ముడి కాలేజీ ప్రాజెక్టు ఎక్సాంప్‌లో (వెబ్ సర్వర్, డేటాబేస్ కలిపి వచ్చే ప్యాకేజీ) ఉంది, మైఎస్‌క్యూఎల్ అనుకోకుండా షట్‌డౌన్ అయిందని వస్తోంది. వీడియోల్లో బ్యాకప్ ఫోల్డర్‌ని డేటా ఫోల్డర్ మీద పెట్టేయమంటున్నారు.

పాత_డీబీఏ:

ఆ బ్యాకప్ ఫోల్డర్‌లో ఉండేది ఇన్‌స్టాల్ చేసిన రోజు నాటి ఖాళీ ఐబీడేటా1 (ఇన్నోడీబీ టేబుళ్ల జాబితా ఉండే ఫైల్). దాన్ని పైన పెడితే టేబుల్ పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే ఇంజిన్‌లో లేదని 1932 వస్తుంది. డేటా ఫోల్డర్ మొత్తం ముందు వేరే చోట కాపీ చేసి, అసలు ఐబీడేటా1 అలాగే ఉంచి, ఎర్రర్ లాగ్ ఏమంటోందో వేరే థ్రెడ్‌లో పెట్టండి.

తెనాలి_డెవ్:

స్టాక్ టేబుల్ క్విక్‌తోనే వచ్చేసింది, వార్నింగ్ ఏమీ రాలేదు. చివరగా ఒకటి, ఎలాగూ కొత్తగా పోస్తున్నాను కాబట్టి నేరుగా 8.0 కి వెళ్లిపోనా? రేపు పొద్దున షాపు తెరిచేసరికి నడవాలి.

రాత్రి_షిఫ్ట్:

రేపటికి 5.7 లోనే పోయండి. 5.7 కి సపోర్ట్ 2023 అక్టోబరుతోనే ముగిసింది, మారాల్సిందే, కానీ ఈ రాత్రి కాదు. 8.0 లో ర్యాంక్, గ్రూప్స్ లాంటివి రిజర్వ్‌డ్ పదాలయ్యాయి, ఆ పేరుతో కాలమ్ ఉంటే మీ క్వెరీలు విరుగుతాయి, అది తీరిగ్గా చూసుకోవాల్సిన పని. రేపటి సర్వర్‌లో ఫోర్స్ రికవరీ లైన్ తీసేశారా, ఫ్లష్ లాగ్ ఎట్ ట్రాన్సాక్షన్ కమిట్ (ప్రతి కమిట్‌కీ లాగ్‌ని డిస్క్ మీదకి రాసే సెట్టింగ్) 1 గా ఉందా, డబుల్‌రైట్ ఆన్‌లో ఉందా చూసుకోండి. సర్వర్ ఐడీ ఇచ్చి బిన్‌లాగ్ వేరే డిస్క్ మీద ఆన్ చేయండి, ఈసారి ఏదైనా అయితే రసీదు పుస్తకం దాకా పోకుండా డంప్ తర్వాతి మార్పులు దాన్నుంచే వస్తాయి. డంప్ రోజూ రాత్రి తీయండి, చివరి లైన్‌లో డంప్ కంప్లీటెడ్ ఉందో లేదో ఆ స్క్రిప్టే గ్రెప్‌తో వెతికి, లేకపోతే మీ ఫోన్‌కి మెసేజ్ పంపేలా పెట్టండి. పాత డిస్క్ మాత్రం ఇప్పుడే పారేయకండి, ఈ నెల లెక్కలు కుదిరేదాకా బీరువాలో ఉంచండి.