తిరుపతి ఎగ్జిబిషన్‌లో క్లౌడ్ చాంబర్: గీతలు రావడం లేదు

ప్రశ్న: తిరుపతిలో స్కూలు పిల్లల సైన్స్ ఎగ్జిబిషన్‌కి క్లౌడ్ చాంబర్ (కంటికి కనబడని కణాలు పోయిన దారిని ఆల్కహాల్ ఆవిరిలో గీతలుగా చూపే పెట్టె) కట్టాం. గాజు తొట్టి, అడుగున నల్ల అల్యూమినియం పలక, దాని కింద డ్రై ఐస్. పొగమంచు తప్ప గీతలు లేవు. ఏం చూడాలి?

జవాబు 1: ముందు ఆల్కహాల్ చూడండి. 70 శాతం ఐసోప్రొపైల్‌లో నీళ్ళుంటాయి, పనికిరాదు. 99 శాతంది తెండి. పైన అతికించిన ఫెల్టు బాగా తడవాలి, కారకూడదు. అంచుల్లోంచి గాలి దూరితే పొగ సుడులు తిరిగి గీతల్ని చెరిపేస్తుంది. ఎక్కువ తంటా అక్కడే, టేపు వేయండి. డ్రై ఐస్‌ని పొడి కొట్టి పరిస్తే పలకకు పూర్తిగా ఆనుతుంది. మూత పెట్టాక 10-15 నిమిషాలు కదపొద్దు. టార్చి పక్కనుంచి, పలక మీదుగా పారాలి. గీతలు పుట్టేది పలకను ఆనుకున్న పల్చటి పొరలోనే.

జవాబు 2: డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలండీ, మందపాటి గ్లౌజులు తప్పనిసరి. కార్బన్ డయాక్సైడ్ నేలబారుగా పేరుకుంటుంది, కిటికీలు తెరవండి. ఆల్కహాల్ దగ్గర నిప్పు వద్దు.

జవాబు 3: బోర్డు మీద ‘కణం కనబడుతోంది’ అని దయచేసి రాయకండి. కనబడేది అది పోయిన దారిలో కట్టిన ఆల్కహాల్ బొట్లు. గీత పొట్టిగా లావుగా ఉంటే ఆల్ఫా కణం (హీలియం కేంద్రకం), పొడుగ్గా తిన్నగా ఉంటే చాలావరకు మ్యూయాన్ (ఎలక్ట్రాన్‌కి బరువైన చుట్టం, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల పై గాలిలో పుడుతుంది), వంకరటింకరగా ఉంటే ఎలక్ట్రాన్. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్ పడుతుంది. పిల్లల్ని అరచెయ్యి చాపి లెక్కేయమనండి. కుప్పానికి దగ్గర్లోని కోలారు బంగారు గనుల్లోనే 1965లో వాతావరణ న్యూట్రినోలు (అవే కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో పుట్టే, దేన్నీ దాదాపు తాకకుండా పోయే కణాలు) దొరికాయి. మన ప్రాంతం పిల్లలకి అది తప్పక చెప్పాలి.