మొదటి మెన్స్ ఫిజిక్ పోటీకి ఇంజెక్షన్లు లేకుండా దిగితే పరువు పోతుందా?

పటమట_కుర్రాడు:
అన్నలందరికీ నమస్తే. నాకు 23 ఏళ్లు, 5 అడుగుల 8 అంగుళాలు, 74 కిలోలు. ఏలూరు రోడ్డులో మొబైల్ షాపులో పని చేస్తాను, షాపు మూశాక రాత్రి తొమ్మిదిన్నరకు జిమ్‌కి వెళ్తాను, మూడేళ్లుగా ఒక్క నెల కూడా మానలేదు. మెన్స్ ఫిజిక్ (బాడీబిల్డింగ్ పోటీల్లో ఒక విభాగం) స్టేజీ ఎక్కాలని, అక్కడ కాస్త పేరొస్తే ఫిట్‌నెస్ మోడల్‌గా ప్రయత్నించాలని ఎప్పటినుంచో ఉంది. మొన్న మా జిమ్ కోచ్‌కి చెప్తే నాలుగు నెలల్లో ఒక పోటీ ఉంది, తయారు చేస్తానన్నాడు. కానీ 12 వారాల సైకిల్, అంటే కండ పెంచే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల కోర్సు, వేసుకోవాల్సిందే అంటున్నాడు, దానికి 35 వేలు, ఫీజు వేరే. "ఇంజెక్షన్ లేకుండా వెళ్తే లైన్ చివర నిలబెట్టి మొదటి రౌండ్లోనే దింపేస్తారు, నీ పరువుతో పాటు నా పరువూ పోతుంది" అన్నాడు. రెండు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, ఒకటే టెన్షన్. 35 వేలంటే మా నాన్నకి రెండున్నర నెలల జీతం. ఒళ్లు పాడవుతుందేమోనని భయం, ఆగిపోతే ఇక ఎప్పటికీ స్టేజీ ఎక్కనేమోనని ఇంకో భయం. నిజంగా దిగినవాళ్లు చెప్పండి. నేచురల్‌గా, అంటే ఈ మందులేవీ లేకుండా, దిగొచ్చా? నాలుగు నెలలు సరిపోతాయా?

బందరు_రోడ్_ఫిజిక్:
తమ్ముడూ, చేదుగా ఉన్నా ఉన్నమాట చెప్తాను. నేను దిగిన నాలుగు పోటీల్లో ఒక్కదాంట్లోనూ డోప్ పరీక్ష జరగలేదు. పరీక్ష లేని చోట నువ్వు నేచురల్‌గా నిలబడ్డావు కదా అని నీ పక్కవాడు కూడా అలాగే నిలబడడు. మీ కోచ్ డబ్బు అడిగిన తీరు నాకూ నచ్చలేదు, అయితే అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కష్టపడితే చాలు అని నమ్మించి కుర్రాళ్లని పంపేస్తారు, వాళ్లు చివరి స్థానంలో వచ్చి ఆ బాధతో జిమ్మే మానేస్తారు, మా జిమ్‌లోనే అలా ఇద్దరు మానేశారు. ఆ పాపం ఎవరిది? గెలవాలంటే ఏం కావాలో తెలుసుకుని దిగు. లేదంటే ఆరోగ్యం కోసం వ్యాయామం చేసుకో, అదీ మంచిదే.

బ్రాడీపేట_నేచురల్:
నేను గుంటూరు. వయసు 34, మూడుసార్లు స్టేజీ ఎక్కాను, మూడుసార్లూ నేచురల్‌గానే. మొదటిసారి టాప్ 10లో కూడా లేను, మూడోసారి ఐదో స్థానం. ఇది ముందే చెప్పేస్తే నా మాటకి ఎంత విలువ ఇవ్వాలో మీరే తేల్చుకుంటారు.

బందరు రోడ్ అన్న చెప్పింది సగం నిజం. పరీక్షలు లేని పోటీలు ఉన్నాయి, కాదనను. మిగతా సగం ఏమిటంటే, మెన్స్ ఫిజిక్ అనే విభాగం పుట్టిందే బాడీబిల్డింగ్ అంత కండ అక్కర్లేని వాళ్ల కోసం. అంతర్జాతీయ బాడీబిల్డింగ్ సమాఖ్య ఐఎఫ్‌బీబీ దీన్ని 2012లో గుర్తించింది, 2013లో బాడీబిల్డింగ్‌లో అన్నిటికంటే పెద్ద పోటీ అయిన ఒలింపియా వేదికకు వచ్చింది. మోకాలి పైదాకా ఉండే వదులు బోర్డ్ షార్ట్స్, డబుల్ బైసెప్స్ లాంటి పోజులు లేవు, ముందు, వెనుక, కొన్ని చోట్ల పక్కలు కూడా తిరిగి చూపించాలి, అంతే. భుజం వెడల్పుగా, నడుము సన్నగా, పొట్ట కండలు తేలి, నిలబడే తీరులో ధీమా ఉందా లేదా, జడ్జీలు చూసేది ఇదీ. కండ మరీ ఎక్కువైతే మార్కులు తగ్గించాలని కొన్ని సంస్థల నిబంధనల్లోనే ఉంది. పెద్ద స్థాయికి వెళ్లేకొద్దీ కండ పెరుగుతూ వచ్చిన మాట వాస్తవమే, కానీ ఈ తమ్ముడు వెళ్లేది మొదటి పోటీకి.

నా అనుభవంలో మొదటిసారి దిగేవాళ్లు ఓడిపోయేది కండ చాలక కాదు, కొవ్వు తగ్గక, పోజింగ్ రాక. పొట్ట కింది భాగంలో, నడుము వెనక కొవ్వు ఉండిపోతుంది, జిమ్ అద్దంలో అది కనపడదు, స్టేజీ లైట్ల కింద దాక్కోదు. మూడు వేల రూపాయల ఇంజెక్షన్ వేసినా ఆ కొవ్వు తిండి తగ్గించకుండా పోదు.

తమ్ముడూ, లెక్క చెప్తాను. వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం దాకా తగ్గితే కండ నిలుస్తుంది. నీ 74 కిలోలకి వారానికి అర కిలో అనుకో. కిలో కొవ్వులో సుమారు 7700 కేలరీలు ఉంటాయి, అంటే రోజుకి 550 కేలరీలు తక్కువ తినాలి. ఆరేడు కిలోలు తగ్గాలంటే 13, 14 వారాలు పడుతుంది, మధ్యలో పండగలు, పెళ్లిళ్లు కలిపితే 16. కాబట్టి నాలుగు నెలలు ఇప్పటికే సన్నగా ఉన్నవాడికి సరిపోతాయి, లేనివాడికి చాలవు. నీ పొట్ట ఇప్పుడు ఎలా ఉందో నువ్వు రాయలేదు.

ప్రోటీన్ కిలోకి 2 గ్రాములు, అంటే నీకు 150. నాలుగు గుడ్లు, ఇంకో నాలుగు గుడ్ల తెల్లసొన కలిపితే 38 గ్రాములు. పచ్చి చికెన్ బ్రెస్ట్ పావుకిలో తూచి వండితే 55 దాకా. 50 గ్రాముల మీల్‌మేకర్‌లో 26. ఒక కప్పు పప్పులో 9, ఒక స్కూప్ వే ప్రోటీన్ పొడిలో 24. అయిపోయింది. అన్నం మానక్కర్లేదు, 100 గ్రాముల అన్నంలో 130 కేలరీలే. మన ఇళ్లలో అసలు చిక్కు నూనెతో. పెద్ద చెంచా నూనె 120 కేలరీలు, పప్పు తాలింపులో ఒకటి, వేపుడులో మూడు, గోంగూర పచ్చడిలో ఇంకొకటి, ఇవి ఎవరూ లెక్క వేయరు. నేను మొదటి ఏడాది అన్నం మానేసి వేపుళ్లు తిన్నాను, అందుకే టాప్ 10లో లేను.

నా సలహా, రెండేళ్లు ఆగు. ఆ రెండేళ్లూ భుజాలు, రెక్కలు (వీపు పక్క కండలు), పైఛాతి మీద దృష్టి పెట్టు. షార్ట్స్ ఉంటాయి కదా అని కాళ్లు వదలకు, పిక్కలు కనపడతాయి.

అరండల్‌పేట_పాతవాడు:
ఇలాంటి చర్చ కనపడితే చదివి వెళ్లిపోయేవాణ్ని. ఈ కుర్రాడి వయసు చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

నాకు 24 ఏళ్లప్పుడు సరిగ్గా ఇలాగే ఒక కోచ్ చెప్పాడు. టెస్టోస్టెరాన్, దానితో పాటు ఒక మాత్ర. ఆరు వారాల్లో ఒళ్లు మారిపోయింది, ఆ సంగతి దాచను, అంత బాగుంటుంది కాబట్టే మళ్లీ మళ్లీ వేస్తాం. మూడు సైకిళ్లు వేశాను. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే మెదడు మన సొంత ఉత్పత్తికి ఇచ్చే సంకేతాలు ఆపేస్తుంది. మందు ఆపాక అవి వెంటనే మొదలవ్వవు. కండ కరిగింది, మంచం మీంచి లేవాలనిపించేది కాదు, ఊరికే కోపం వచ్చేది, ఎందుకో నాకే తెలిసేది కాదు. 28కి పెళ్లయింది. ఏడాదిన్నర దాటినా పిల్లలు లేకపోతే మా ఆవిడ పరీక్షలన్నీ చేయించుకుంది, ఆమెకి ఏ లోపమూ లేదు. చివరికి నా రిపోర్ట్ వస్తే వీర్యకణాల కౌంట్ దాదాపు సున్నా. ఆ ఏడాదిన్నర మా అమ్మ, చుట్టాలు అందరూ ఆమెనే అన్నారు. నేను పక్కన కూర్చుని విన్నాను. చికిత్సతో 14 నెలలకి కోలుకున్నాను, ఇప్పుడు ఒక పాప. అందరూ కోలుకోరని డాక్టర్ ముందే చెప్పారు.

ఆ పోటీల్లో గెలిచిన కప్పులు రెండు అటక మీద ఉన్నాయి.

బందరు_రోడ్_ఫిజిక్:
అన్నా, చదివాక మనసు పాడైంది, మీరు ధైర్యంగా రాశారు. నేను సైకిల్ వేయమని ప్రచారం చేయడం లేదు. పోటీ సమానంగా లేదని మాత్రమే అంటున్నాను. పరీక్షలు పెట్టమని నిర్వాహకుల్ని అడగకుండా, కుర్రాళ్లకి మాత్రం నేచురల్‌గా వెళ్లు అని చెప్తే ఎలా? నేచురల్‌గా దిగేవాడికి ఆ పక్క నిలబడేవాడి సంగతి ముందే తెలియాలి. ఇంకో మాట, వేసేవాళ్లు ఎలాగూ వేస్తారు, కనీసం రక్త పరీక్షలు చేయించుకుంటూ వేస్తే నయం కదా.

ల్యాబ్_అక్క:
నేను విజయవాడలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్త పరీక్షలు చేయించుకుంటూ వేస్తే నయం అన్న మాట మీద చెప్పాలి. పరీక్ష నష్టాన్ని చూపిస్తుంది, ఆపదు. మా దగ్గరికి వచ్చే జిమ్ కుర్రాళ్ల రిపోర్టుల్లో మంచి కొలెస్ట్రాల్ దారుణంగా పడిపోయి ఉంటుంది, రక్తం చిక్కబడి ఉంటుంది. మరుసటి నెల కూడా అదే సైకిల్‌లో ఉండి మళ్లీ వస్తారు.

పటమట తమ్ముడూ, నువ్వు ఏం తేల్చుకున్నా డైట్ మొదలుపెట్టే ముందు ఒకసారి లిపిడ్ ప్రొఫైల్, లివర్, కిడ్నీ, థైరాయిడ్, షుగర్, రక్తకణాల పరీక్ష చేయించుకో. టెస్టోస్టెరాన్‌కి పొద్దున 8 నుంచి 10 లోపు రావాలి. పరీక్షకి రెండు మూడు రోజుల ముందు బరువులు ఎత్తొద్దు. ఎత్తితే లివర్ రిపోర్ట్‌లో ఎస్‌జీఓటీ (కండ అలిసినా పెరిగే ఒక ఎంజైమ్) ఎక్కువ చూపించి ఇంట్లో అందరూ కంగారు పడతారు. క్రియాటిన్ పొడి వాడుతుంటే డాక్టర్‌కి చెప్పు, కిడ్నీ రిపోర్ట్‌లో క్రియాటినిన్ కొంచెం ఎక్కువ రావచ్చు.

వన్‌టౌన్_మాస్టారు:
నా వయసు 58. తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసిన వాణ్ని. చిన్న పోటీల్లో జడ్జీగా కూర్చున్నాను. బ్రాడీపేట అబ్బాయి చెప్పిన తిండి లెక్కలన్నీ బాగున్నాయి గానీ రెండేళ్లు ఆగమన్న మాట నేను ఒప్పుకోను.

నాయనా, రెండేళ్లు ఆగితే నువ్వు రెండేళ్లు జిమ్ కుర్రాడివిగానే ఉంటావు. స్టేజీ మీద నిలబడితే తెలిసే సంగతులు అద్దం ముందు తెలియవు. లైట్ల వేడికి చెమట పట్టి ఒంటికి పూసుకున్న స్టేజీ రంగు కారుతుంది. పేరు పిలవగానే కాళ్లు వణుకుతాయి. పొట్ట బిగించి, ఊపిరి తీస్తూ, నవ్వు చెదరకుండా ఐదు నిమిషాలు నిలబడటం ఎంత కష్టమో చేస్తేనే అర్థమవుతుంది. మంచి ఒళ్లు ఉండి, వెనక్కి తిరిగినప్పుడు రెక్కలు విప్పడం రాక కింది స్థానానికి పోయినవాళ్లని ఎంతమందిని చూశానో. అదే కాస్త తక్కువ కండ ఉన్నా నడుము తిప్పి, ఒక చేయి నడుము మీద పెట్టి కుదురుగా నిలబడ్డవాడి మీద నుంచి చూపు తిప్పుకోలేం. ఒలింపియా మెన్స్ ఫిజిక్‌లో రయాన్ టెర్రీ 2016లో రెండో స్థానంలో వచ్చాడు, గెలిచింది 2023లో. మధ్యలో ఏడేళ్లు స్టేజీ ఎక్కుతూనే ఉన్నాడు, ఇంట్లో కూర్చోలేదు.

అందుకే నాలుగు నెలల్లో కొవ్వు తగ్గితే దిగు, గెలవడానికి కాదు, నేర్చుకోవడానికి. చివరి స్థానం వస్తే పరువు పోదు. మీ కోచ్ పరువు సంగతి ఆయన చూసుకుంటాడు, అది నీ ఒంటి మీద మోయాల్సిన పని లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. చివరి రెండు రోజులు నీళ్లు ఆపమంటారు, ఉప్పు ఆపమంటారు, మూత్రం పోయే మాత్ర ఇస్తారు. అది ముట్టుకోవద్దు.

బ్రాడీపేట_నేచురల్:
మాస్టారూ, రెండేళ్ల విషయం ఆలోచిస్తున్నాను. నా మొదటి పోటీలో ఓడిపోయింది నిజమే, పోజింగ్ నేర్చుకోవాలని బుద్ధి వచ్చింది కూడా అక్కడే. అయినా ఓటమిని తట్టుకోలేని కుర్రాళ్లు ఉంటారు, బందరు రోడ్ అన్న చెప్పిన ఇద్దరి లాంటి వాళ్లు, వాళ్ల విషయంలో నేను ఇప్పటికీ ఆగమనే అంటాను.

నీళ్ల గురించి మాత్రం మాస్టారి మాటకి కొంచెం కలుపుతాను. కండలో ముప్పావు వంతు నీరే. నీళ్లు ఆపితే చర్మం కింద నీరొక్కటే పోదు, కండలోదీ పోతుంది, ఒళ్లు చప్పబడుతుంది. పైగా పొటాషియం తేడా వస్తే గుండె లయ తప్పుతుంది. మహమ్మద్ బెనజీజా అనే ప్రొఫెషనల్ బాడీబిల్డర్ 1992లో హాలెండ్‌లో పోటీ ముగిసిన కొన్ని గంటల్లోనే చనిపోయాడు, ఒంట్లో నీరు లేక గుండె ఆగింది. మన ఊళ్లో మే నెల ఎండలో ఆ పని చేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా.

బందరు రోడ్ అన్నా, పరీక్ష పెట్టకపోయినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా జాబితాలో స్టెరాయిడ్లు, కొవ్వు కరగడానికి వాడే క్లెన్‌బుటెరాల్, మూత్రం మాత్రలు అన్నీ పోటీ రోజునే కాదు, ఎప్పుడైనా నిషిద్ధమే. పరీక్షలు పెట్టమని నిర్వాహకుల్ని అడగాలన్న మీ మాట మాత్రం నూటికి నూరు పాళ్లు సరైనది. వచ్చే పోటీకి ముందు మనం ఐదారుగురం కలిసి లెటర్ ఇద్దాం, నేను రాస్తాను, మీరు సంతకం పెడతారా?

బందరు_రోడ్_ఫిజిక్:
పెడతాను. మా జిమ్ నుంచి ఇంకో ముగ్గురితో పెట్టిస్తాను. కానీ లెటర్ ఇచ్చినంత మాత్రాన ఈ ఏడాదే మారుతుందని తమ్ముడికి ఆశ పెట్టొద్దు.

పటమట_కుర్రాడు:
అందరికీ పేరుపేరునా థాంక్స్. అరండల్‌పేట అన్నా, మీ మాటలు రాత్రి అమ్మకి చదివి వినిపించాను, ఇంజెక్షన్ల సంగతి కూడా చెప్పేశాను. ఏమీ అనలేదు, పొద్దున నా కూరకి నూనె వేరే కొలిచి పెట్టింది. కోచ్‌కి సైకిల్ వద్దని చెప్పాను, అయితే నేను తయారు చేయను అన్నాడు. పర్లేదు. పొట్ట మీద చూడటానికి నాలుగు గళ్లు కనపడతాయి, కింద కొవ్వు ఉంది. 12 వారాలు డైట్ చేసి చూస్తాను, అప్పటికి తగ్గితే దిగుతాను, తగ్గకపోతే తర్వాతి పోటీ. సోమవారం పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్తున్నాను అక్కా, శనివారం నుంచి బరువులు ఎత్తను. మాస్టారూ, పోజింగ్ ఎక్కడ నేర్చుకోవాలి? మా జిమ్‌లో ఇప్పుడు అడగలేను.

వన్‌టౌన్_మాస్టారు:
ఆదివారం పొద్దున ఆరింటికి నేను పున్నమి ఘాట్ దగ్గర నడుస్తుంటాను, అక్కడికి రా. షార్ట్స్ తెచ్చుకో. మొదట వెనక వైపు తిరిగి నిలబడటం చూద్దాం, ముందు వైపు అందరికీ ఎంతో కొంత వస్తుంది.