తలలో ఉబ్బుకి మణికట్టు దారా, గజ్జ దారా?

మదనపల్లె సీను (మారతహళ్ళి, బెంగళూరు):
మా మేనత్తకి మెడలోంచి మెదడుకి రక్తం తీసుకెళ్ళే ఎడమ కెరోటిడ్ నాళం కంటి వెనక ఉబ్బిందని ఎమ్మారైలో పడింది. పగల్లేదు. ఫ్లో డైవర్టర్ (ఉబ్బులోకి రక్తం పోకుండా మళ్ళించే జాలీ గొట్టం) పెడతాం, గజ్జలోంచి వెళ్తాం అన్నారు డాక్టరు. మా మామకి పోయినేడు గుండెకి స్టెంటు మణికట్టులోంచే వేసినారు. సాయంత్రానికి లేచి కూర్చుని కాఫీ తాగినాడు. మరి తలకెందుకు వద్దంటారు? చేతిలోంచే చేయమని పట్టుబట్టాలా, వేరే ఆసుపత్రి చూసుకోవాలా?

శిరీష, జయనగర్:
పట్టుబట్టు సీనూ. మా నాన్నకి గజ్జలోంచే చేశారు. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ నడుస్తున్నాయి కదా, తొడ మోకాలి దాకా నల్లగా కమిలిపోయింది. కాలు మడవకూడదని రాత్రంతా వెల్లకిలా పడుకోబెట్టారు. అదైనా పైకి కనపడే రక్తం. గజ్జ దగ్గర కారింది కడుపు వెనక్కి చేరితే, ఒక్కోసారి బీపీ పడిపోయే దాకా ఎవరికీ తెలీదు. మణికట్టులో నాళం కింద ఎముక ఉంటుంది, పైన బ్యాండు బిగిస్తే ఆగిపోతుంది. గుండె విషయంలో 2011 నాటి రైవల్, 2015 నాటి మ్యాట్రిక్స్ పరిశోధనలు చూడు. చేతి దారిలో రైవల్‌లో నాళానికి దెబ్బలు తగ్గాయి, మ్యాట్రిక్స్‌లో పెద్ద రక్తస్రావాలు తగ్గాయి.

క్యాథ్‌ల్యాబ్ రమణ:
అక్కా, గుండె లెక్క వేరు. కుడి మణికట్టులోంచి ఎక్కితే కుడి వెర్టిబ్రల్ నాళం దారిలోనే తగులుతుంది. మెదడు వెనక భాగంలో ఉబ్బుకి చేతి దారి బ్రహ్మాండం. ఎడమ కెరోటిడ్‌కి అలా కాదు. ట్యూబు బృహద్ధమనిలోకి దిగి, అక్కడ వెనక్కి మళ్ళి పైకెక్కాలి. దానికి కొక్కెంలా వంగిన సిమ్మన్స్ క్యాథెటర్‌ని ధమనిలోనే మడిచి, మెల్లగా లాగుతూ ఎక్కిస్తారు. ఆ మలుపు మీద ట్యూబులో ట్యూబు, అందులో ఇంకో ట్యూబు పోనిచ్చి ఫ్లో డైవర్టర్ విప్పుతుంటే ఆసరాగా ఉన్న బయటి ట్యూబు కిందికి జారిపోవచ్చు. జారేది సరిగ్గా పట్టు కావలసినప్పుడే. కొందరికి ఎడమ కెరోటిడ్ కుడి కొమ్మ మొదట్లోంచే పుడుతుంది, బోవైన్ ఆర్చ్ అంటాం. వాళ్ళకి సులువు. మీ అత్తది ఏ రకమో సీటీ యాంజియోలో తెలిసిపోతుంది, సీనన్నా.

ఇంకోటి, మణికట్టు నాళం వెడల్పు సుమారు రెండున్నర మిల్లీమీటర్లే. సన్నటి ఆడవాళ్ళలో ఇంకా తక్కువ. అది బిగుసుకుంటే ట్యూబు ముందుకీ పోదు, వెనక్కీ రాదు. అందుకే ముందే నాళాన్ని సడలించే నైట్రోగ్లిజరిన్, వెరాపమిల్ మందులు ఎక్కిస్తాం.

శిరీష, జయనగర్:
గుండె డాక్టర్లూ ఇదే పాట పాడారు రమణా. మణికట్టులోంచి గుండె యాంజియో చేసి చూపించింది కెనడాలో కాంపో, 1989లో. స్టెంట్లు మొదలుపెట్టింది ఆమ్‌స్టర్‌డామ్‌లో కీమెనై, 90ల మొదట్లో. ఇప్పుడు మామూలైపోయింది. తలకి వాడే సామానంతా గజ్జ నుంచి కొలత పెట్టి చేసింది కాబట్టే ఈ తిప్పలు. చేతికని చేసిన ట్యూబులు వస్తున్నాయిగా. చేయి తిరగకపోతే నాళం మీద నెపం వేస్తే ఎలా?

రమణ:
చేయి తిరగడం కూడా లెక్కేగా అక్కా. దేంట్లో చేయి తిరిగిందో ఆ దారిలో చేయించుకోవడం మేలా, మన పేషెంటు మీద నేర్చుకోమనడం మేలా?

నెల్లూరు వనజ, డయాలిసిస్ నర్సు, చెన్నై:
ఒక్క మాట. అత్తగారికి షుగరుందా? కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత? మణికట్టులోంచి చేశాక కొందరికి ఆ నాళం చప్పుడు లేకుండా మూసుకుపోతుంది. పక్కన అల్నార్ నాళం ఉంది కాబట్టి మామూలుగా చేతికేమీ కాదు. రేపు డయాలిసిస్ అవసరమై ఫిస్టులా (చేతిలో ధమనినీ సిరనీ కలిపే ఏర్పాటు) పెట్టాలంటే మాత్రం ఆ నాళమే కావాలి. మా వార్డులో సర్జన్లు ముందు తడిమేది దాన్నే. ఈ సంగతి తల డాక్టర్లకి మనమే గుర్తుచేయాలి.

మదనపల్లె సీను:
షుగరు చాన్నాళ్ళుగా ఉంది వనజక్కా, క్రియాటినిన్ 1.9. ఈరోజు రిపోర్టులన్నీ పట్టుకుని మళ్ళీ పోయినా. సీటీ తెరమీద చూపించినారు. ఎడమ కెరోటిడ్ విడిగానే పుట్టింది, మలుపు బాగా వాడిగా ఉంది. వెనక భాగంలో అయితే చేతిలోంచే చేసేవాణ్ణి అన్నారు. మామయ్య స్టెంటు కథ ఎత్తితే నవ్వినారు. నాకు ఇంకా సగం మనసే.

శిరీష, జయనగర్:
కిడ్నీ సంగతి వేరు, అక్కడ వనజ మాటే. మిగతాదానికి నేనొప్పుకోను. గజ్జే అయితే రెండు అడుగు: అల్ట్రాసౌండ్‌లో నాళం చూస్తూ పొడుస్తారా, చేత్తో తడిమా? అయ్యాక రంధ్రం మూసే పరికరం వాడతారా, దాని ఖర్చు ప్యాకేజీలో ఉందా? ప్యాకేజీ సంగతి రాయించుకో.