కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్న పాప స్కూల్ ఆర్కెస్ట్రాలో చేరొచ్చా?

ఆరో తరగతి అమ్మ, డాలస్:

అందరికీ నమస్కారం. మా పాప ఆగస్టులో ఆరో తరగతికి వెళ్తుంది. మిడిల్ స్కూల్ వాళ్ళు ఎలక్టివ్‌ల ఫారం పంపారు. బ్యాండ్, కోయిర్, ఆర్కెస్ట్రా, థియేటర్, ఆర్ట్, వీటిలో ఒకటి పెట్టుకోవాలి. పాప ఆర్కెస్ట్రాయే కావాలంటోంది. తను కొన్నేళ్ళుగా చెన్నైలో ఉన్న గురువుగారి దగ్గర ఆన్‌లైన్‌లో కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. గీతాలు అయిపోయి ఇప్పుడు వర్ణాల్లో ఉంది. స్కూల్లో వెస్టర్న్ మొదలుపెడితే చేయి పాడైపోతుందని, గమకాలు (స్వరాన్ని ఊపుతూ పలికించడం) పోతాయని మా అత్తయ్యగారి భయం. నాకూ కొంచెం టెన్షన్‌గానే ఉంది. చేరడానికి ఆడిషన్ ఉంటుందా? ఇంట్లో ఉన్న వయొలిన్ సరిపోతుందా, ఇంకోటి కొనాలా? చదువు మీద బరువు పడుతుందా? ఫారం శుక్రవారం లోపు ఇవ్వాలి. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

చెల్లో నాన్న, ప్లేనో:

నమస్తే అండీ. మా ఇద్దరు పిల్లలూ ఇక్కడి మిడిల్ స్కూల్ ఆర్కెస్ట్రాలోనే పెరిగారు కాబట్టి స్కూల్ వైపు సంగతులు చెప్తాను. సంగీతం మాట తెలిసినవాళ్ళు చెప్తారు.

ఆరో తరగతిలో చేరడానికి మామూలుగా ఆడిషన్ ఉండదు. అందరినీ మొదటినుంచి, పెట్టె ఎలా తెరవాలో దగ్గర్నుంచి నేర్పిస్తారు. ఏడు, ఎనిమిది తరగతులకు వెళ్ళేటప్పుడు వాయించి చూపిస్తే స్థాయిని బట్టి గ్రూపుల్లో వేస్తారు. మరో విషయం, ఇది స్కూల్ అయిపోయాక జరిగే క్లబ్ కాదు. మ్యాథ్, సైన్స్‌లాగే టైమ్‌టేబుల్‌లో ఉండే పీరియడ్, మార్కులు కూడా వేస్తారు. పై తరగతుల్లో మాత్రం ఉదయం స్కూల్‌కి ముందో, సాయంత్రమో విడిగా రిహార్సల్స్ ఉంటాయి. ఆ రోజుల్లో దింపడం, తీసుకురావడం మన పని.

చదువు గురించి అడిగారు కదా. టెక్సాస్‌లో 1984 నుంచి ఒక చట్టం ఉంది, అందరూ నో పాస్ నో ప్లే అంటారు. ఏదైనా సబ్జెక్టులో 70 కన్నా తక్కువ వస్తే ఆ పిల్లని కొన్ని వారాలపాటు పోటీలకు పంపరు. మా ఇంట్లో దీనివల్ల మంచే జరిగింది. హోంవర్క్ చేయమని మేము చెప్పక్కర్లేకుండా వాళ్ళే చేసుకునేవారు. వసంతంలో యూఐఎల్ అని స్కూల్ ఆర్కెస్ట్రాల పోటీ ఒకటి ఉంటుంది. ముందు స్టేజి మీద తయారుచేసుకున్నవి వాయిస్తారు. తర్వాత పక్క గదిలోకి తీసుకెళ్ళి, ఎప్పుడూ చూడని నోట్స్ (కాగితం మీద రాసిన వెస్టర్న్ స్వరాలు) ఇచ్చి, టీచర్ కొద్ది నిమిషాలు వివరించాక అక్కడికక్కడే వాయించమంటారు. 1 నుంచి 5 వరకు రేటింగ్ ఇస్తారు, 1 అంటే అన్నిటికన్నా గొప్ప. మొదటి ఏడాది పిల్లలకు సాధారణంగా ఈ గొడవ ఉండదు.

వాయిద్యం విషయానికొస్తే, వయొలిన్, వియోలా మనమే తెచ్చుకోవాలి. వాటికన్నా చాలా పెద్దవైన చెల్లో, బేస్ చాలా స్కూళ్ళలో స్కూలే ఇస్తుంది. బస్సులో పట్టవు కదా, అందుకని స్కూల్లో ఒకటి, ఇంట్లో ఒకటి ఉండేలా చూస్తారు. ఎదిగే పిల్లలకు అద్దెకు తీసుకోవడమే మేలు. సైజు మారినప్పుడు మార్చి ఇస్తారు. చాలా షాపుల్లో కట్టిన అద్దెలో కొంత, తర్వాత పెద్ద సైజు కొనేటప్పుడు తగ్గిస్తారు. విరిగితే కవర్ అయ్యే ప్లాన్‌కి నెలకు ఇంకొంచెం పడుతుంది, అది తప్పకుండా తీసుకోండి.

ఫిడేలు టీచర్, ఆస్టిన్:

అమ్మా, మీ అత్తయ్యగారి భయం నాకు బాగా అర్థమవుతుంది. నేను విజయనగరం బాణీలో నేర్చుకుని, ఇక్కడికి వచ్చాక వెస్టర్న్ కూడా నేర్చుకుని ఇప్పుడు రెండూ చెప్తున్నాను. ఒక మాట ఖచ్చితంగా చెప్పగలను. చేర్పించండి. కానీ రెండింటికీ ఒకే వయొలిన్ వాడకండి.

ఎందుకో చెప్తాను. మన వయొలిన్‌ని స-ప-స-ప అని శ్రుతి చేస్తాం. పాప రెండు శ్రుతిలో వాయిస్తోందనుకోండి, అంటే షడ్జమం (స) వెస్టర్న్ పేర్లలో డి. నాలుగు తీగలూ డి-ఎ-డి-ఎ అవుతాయి. ఆర్కెస్ట్రాలో అవే తీగలు జి-డి-ఎ-ఇ. మొదటి తీగని ఎ నుంచి ఇ వరకు, అంటే ఏకంగా ఒక పంచమం (స నుంచి ప వరకు ఉన్నంత దూరం) పైకి లాగాలి. రోజూ ఉదయం స్కూల్‌కి బిగించి, సాయంత్రం గురువుగారి క్లాసుకి వదులు చేస్తూ పోతే తీగలు తెగుతాయి. తీగల్ని ఎత్తి పట్టే బ్రిడ్జి ముందుకు వంగిపోతుంది. ఏ శ్రుతిలోనూ నిలబడదు. పిల్ల వాయించడం కన్నా బిరడాలు తిప్పడంలోనే అలిసిపోతుంది. కాబట్టి ఇంట్లో ఉన్నది కర్ణాటకానికి ఉంచేసి, స్కూల్‌కి అద్దెది తీసుకోండి. మన పిల్లల్లో కొందరికి జారు (వేలు తీగ మీద జార్చడం) బాగా రావడానికి వేళ్ళకు నూనె రాసుకునే అలవాటు ఉంటుంది. ఆ నూనె స్కూల్ వయొలిన్‌కి అంటకూడదు. కమాను వెంట్రుకలకు అంటితే ఇక అది పలకదు.

చేయి పాడవడం గురించి. రెండు భంగిమలూ వేరే. మనవాళ్ళు కింద కూర్చుని వయొలిన్ తలని కుడికాలి మడమ దగ్గర ఆనించుకుంటారు. బరువంతా కాలి మీద, ఛాతీ మీద ఉంటుంది కనుక ఎడమచేయి స్వేచ్ఛగా పైకీ కిందికీ జారుతుంది. గమకం పలికేది అందుకే. స్కూల్లో అయితే కుర్చీ అంచున నిటారుగా కూర్చుని, భుజం మీద షోల్డర్ రెస్ట్ పెట్టుకుని, గడ్డంతో ఆపుకోవాలి. మొదటి నెలల్లో మెడ, భుజం నొప్పెడుతున్నాయని అంటే కొట్టిపారేయకండి. షోల్డర్ రెస్ట్ ఎత్తు సరిగా లేదేమో టీచర్‌ని చూడమనండి. పిల్లలు ఈ రెండు కూర్చోవడాలనీ వేర్వేరుగానే గుర్తుపెట్టుకుంటారు. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్ మాట్లాడినంత సులువుగా అటూ ఇటూ మారతారు.

అసలు చిక్కు వేళ్ళ దగ్గర వస్తుంది. అది ముందే తెలిస్తే పాప కంగారుపడదు. మనకి మధ్య రెండు తీగలు మంద్ర పంచమం, మధ్య షడ్జమం. మంద్రం తీగ మీద ప-ద-ని వాయించగానే తర్వాతి తీగ ఖాళీగా మీటితే స వస్తుంది. స్కూల్లో మొదట నేర్పేది డి మేజర్ స్కేలు, అదీ ఈ మధ్య రెండు తీగల మీదే. అది అచ్చంగా మన శంకరాభరణం రాగం స్వరాలే. కానీ అక్కడ ఆ రెండు తీగల మధ్య దూరం పంచమం కాబట్టి డి తీగ మీద స-రి-గ-మ, నాలుగూ అయ్యాకే ఎ తీగ మీద ప. మీ పాప వేలు అలవాటు కొద్దీ మధ్యమం వదిలేసి పక్క తీగకి దూకేస్తుంది. చిట్కా ఏమిటంటే, సరళీ స్వరాలు పై రెండు తీగల మీద స-రి-గ-మ, ప-ద-ని-స అని వాయించే పద్ధతి తనకు వచ్చిందే. అదే పద్ధతి ఒక తీగ కిందికి జరిగిందని చెప్పండి. వెంటనే పట్టేస్తుంది.

ఇక గమకాలు. స్కూల్లో ఫింగర్‌బోర్డ్ మీద సన్నటి టేపులు అంటిస్తారు. వేలు సరిగ్గా టేపు మీద పడాలి, కదలకూడదు. ఇరవై ముప్ఫై మంది ఒకే స్వరం వాయించేటప్పుడు ఒక్కరు ఊపినా కలగాపులగం అవుతుంది. కాబట్టి అక్కడ స్వరం కదలకుండా నిలబెట్టాలి. ఇది మన సంగీతానికి శత్రువేమీ కాదు, నిలకడగా స్వరం పట్టగలిగినవాళ్ళకే గమకం శుద్ధంగా వస్తుంది. మీ గురువుగారికి మాత్రం ముందే ఒక మాట చెప్పి, ఆశీర్వాదం తీసుకుని చేర్పించండి. చెప్పకుండా చేరిస్తే ఆయనకి మనసు కష్టమవుతుంది, పాపకీ ఇబ్బంది.

అత్తయ్యగారికి ఇంకో విషయం చెప్పండి. అసలు వయొలిన్ మనకి వచ్చిందే ఆ దారిలో. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపా వాళ్ళ దగ్గర వెస్టర్న్ పద్ధతిలో వయొలిన్ నేర్చుకుని, తర్వాత దాన్ని కర్ణాటక సంగీతానికి తెచ్చారు. ఆ ఐరోపా వరసలకే ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కట్టారు, వాటినే నోట్టుస్వరాలు అంటాం. అన్నీ శంకరాభరణమే, గమకాలు లేకుండా సాఫీగా సాగుతాయి. అమెరికాలో వయొలిన్ పట్టిన పిల్లల్లో చాలామంది మొదట వాయించే ‘ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్’ వరస కూడా వాటిలో ఉంది. ‘శ్యామలే మీనాక్షి’ అదే. స్కూల్ మొదలయ్యేలోపు ఈ వేసవిలో గురువుగారిని రెండు నోట్టుస్వరాలు చెప్పమనండి. వాటినే జి-డి-ఎ-ఇ శ్రుతిలో ఉన్న వయొలిన్ మీద, కుర్చీలో కూర్చుని వాయించమనండి. రెండు సంగీతాలకీ మధ్య అంతకన్నా మంచి వంతెన నాకు కనబడలేదు.

ఆరో తరగతి అమ్మ, డాలస్:

చాలా చాలా థ్యాంక్స్ అండీ. అత్తయ్యగారికి చదివి వినిపించాను, దీక్షితుల సంగతి విని ఊరుకున్నారు. ఇంకో సందేహం. స్కూల్లో ఇన్‌స్ట్రుమెంట్లు ముట్టుకుని చూసే రోజు పెట్టారు. అక్కడ టీచర్ పాప చేతులు చూసి ‘వియోలా తీసుకుంటావా’ అని అడిగారట. వయొలిన్‌కి ఎక్కువమంది అయిపోయారేమో, అందుకని మా పాపని అటు తోసేస్తున్నారా అని అనుమానం. పాపకి నోట్స్ చదవడం కూడా అస్సలు రాదు, అంతా విని నేర్చుకున్నదే. అది ఇబ్బంది అవుతుందా?

వియోలా అక్క, హైస్కూల్:

ఆంటీ, నేను ఇప్పుడు పదకొండో తరగతి, ఆరో తరగతి నుంచి వియోలానే. తోసేయడం కాదు ఆంటీ. వియోలా వయొలిన్ కంటే కొంచెం పెద్దది, తీగలు సి-జి-డి-ఎ, అన్నిటికన్నా పైదైన ఇ ఉండదు. శబ్దం లావుగా, మనిషి గొంతుకి దగ్గరగా ఉంటుంది. చేతులు పొడుగ్గా, వేళ్ళు బలంగా ఉన్నవాళ్ళని టీచర్లు అడుగుతారు. చాలా గ్రూపుల్లో వియోలాలు తక్కువ ఉంటాయి, అందుకని బాగా వాయిస్తే త్వరగా గుర్తింపు వస్తుంది. కాకపోతే నోట్స్ ఆల్టో క్లెఫ్‌లో ఉంటాయి, అది వయొలిన్ వాళ్ళది కాదు. క్లెఫ్ అంటే ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు. ఎలాగూ నోట్స్ ఇప్పుడే మొదలుపెడుతుంది కాబట్టి ఏ క్లెఫ్ అయినా తనకి ఒకటే.

ఇంకోటి, వియోలా, సెకండ్ వయొలిన్ (వయొలిన్లలో రెండో గుంపు) వాళ్ళకి పాట వరస అన్నిసార్లూ ఉండదు. ఇంట్లో ప్రాక్టీస్ చేస్తుంటే మీకు ‘ఉమ్... టక్ టక్, ఉమ్... టక్ టక్’ అని వినిపిస్తుంది, మధ్యలో నాలుగు లెక్కలు ఖాళీ. అమ్మ మొదట్లో ‘ఇదేం పాట’ అనేది. కాన్సర్ట్‌లో అందరూ కలిసి వాయించినప్పుడు మాత్రం అది లేకపోతే ఎంత వెలితో తెలిసింది. కర్ణాటకంలో తాళం వేసి లెక్కపెట్టే అలవాటుంది కదా, ఖాళీలు లెక్కపెట్టడం మీ పాపకి చాలా తేలిక. స్టాండ్ ఒకటి ఇద్దరికి ఉంటుంది. ప్రేక్షకుల వైపు కూర్చున్నవాళ్ళు వాయిస్తూనే ఉంటారు, లోపలివైపు వాళ్ళు పేజీ తిప్పాలి. అందరి కమానులూ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి వెళ్ళాలి. నాకు మొదటి ఏడాది ఆ కలిసి కదలడమే బాగా నచ్చింది.

ఫిడేలు టీచర్, ఆస్టిన్:

వియోలా అక్క బాగా చెప్పింది. నా మటుకు నేనైతే వియోలా వైపే మొగ్గుతాను. ఒకటి, తీగల దూరం, పరిమాణం వేరు కనుక కర్ణాటక వయొలిన్‌తో వేళ్ళు కలగలవవు. రెండు, స్కూల్ వాయిద్యం ఒకటి, ఇంటి వాయిద్యం ఒకటి అని పాపకి స్పష్టంగా ఉంటుంది. కానీ తనకి వయొలిన్ మీదే మనసుంటే బలవంతం వద్దు.

నోట్స్ విషయంలో మాత్రం జాగ్రత్త. చెవి బాగున్న పిల్లలకి ఇదే గండం. పక్కవాళ్ళది ఒకసారి వింటే వాయించేస్తారు, చదువుతున్నట్టే కనిపిస్తారు. ఏడో తరగతిలో చూసి వాయించాల్సి వచ్చినప్పుడు ఆగిపోతారు. ఇంట్లో రోజూ కొద్దిసేపు, వాయిద్యం పట్టుకోకుండా, నోట్స్ మీద వేలు పెట్టి స్వరం పేరు చెప్తూ తాళం వేయమనండి. మొదట్లో ‘డి అంటే స’ అనుకుంటే ఫర్వాలేదు, జి మేజర్ స్కేలు వచ్చేసరికి మాత్రం ఆ అలవాటు మానిపించండి, ఎందుకంటే అక్కడ షడ్జమం మారిపోతుంది.

అద్దెకు తీసుకునేటప్పుడు పాపని షాపుకి తీసుకెళ్ళండి. గడ్డం కింద పెట్టుకుని ఎడమచేయి చాపితే, వాయిద్యం తల అరచేతిలోకి వచ్చి, వేళ్ళు దాని చుట్టూ సులువుగా మడవగలగాలి. చేయి బిర్రబిగిసిపోతే సైజు పెద్దదన్నమాట. వయొలిన్‌కి సగం, ముప్పావు, ఫుల్ అంటారు. వియోలాకి అంగుళాల్లో చెప్తారు, 13, 14, 15 అలా. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే సెట్లు వద్దు, బిరడాలు జారిపోతూ శ్రుతి నిలవదు. కమానుకి రాసే రోజిన్, షోల్డర్ రెస్ట్, పెన్సిలు ఉంటే చాలు.

చెల్లో నాన్న, ప్లేనో:

నేనొకటి కలుపుతాను. ఇక్కడి ఎండల్లో కారులో వదలకండి, ఐదు నిమిషాలే కదా అని కూడా వద్దు. వేడికి జిగురు కరిగి అతుకులు విడిపోతాయి. వాయించాక కమాను వదులు చేసి పెట్టెలో పెట్టడం మొదటి వారంలోనే అలవాటు చేయండి. బ్రిడ్జి పడిపోతే మీరు పెట్టే ప్రయత్నం చేయకండి. తీగలన్నీ ఒకేసారి వదులు చేస్తే లోపలున్న సౌండ్‌పోస్ట్ అనే చిన్న కర్ర కూడా పడిపోవచ్చు. ఉన్నదున్నట్టు షాపుకి తీసుకెళ్ళండి, అద్దె వయొలిన్ అయితే వాళ్ళే సరిచేస్తారు. ఫారంలో ఆర్కెస్ట్రా అని పెట్టి, వాయిద్యం దగ్గర మొదటి ఇష్టం, రెండో ఇష్టం రెండూ రాయండి. పాపకి వయొలిన్ అనుభవం ఉందని, అది కర్ణాటక పద్ధతి అని కింద ఒక లైను రాస్తే టీచర్‌కి ఉపయోగపడుతుంది. లేకపోతే అన్నీ వచ్చిన పిల్లనుకుని మొదటి పాఠాలు దాటించేస్తారు.