‘ఎగదన్ను’ అనే మాట గెలాక్సీలకు పనికొస్తుందా?

అమలాపురం నుంచి:
గెలాక్సీ నడుమ ఉన్న భారీ కృష్ణబిలంలోకి వాయువు సుడి తిరుగుతూ జారుతుంది. ఆ జారుడులో పుట్టిన వేడీ వెలుగూ చుట్టూ ఉన్న వాయువును బయటికి తోసేస్తాయి. చల్లటి వాయువు ఉంటేనే కొత్త నక్షత్రాలు పుడతాయి కాబట్టి వాటి పుట్టుక మందగిస్తుంది. ఇంగ్లీషులో దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. తెలుగులో ఒకచోట ‘ప్రతిపుష్టి’ అని చూసి మనసు ఒప్పుకోలేదు. తిండి దొరక్కుండా చేసే పనికి పుష్టి అని పేరా?

మా కోనసీమలో గోదావరి నిండుగా ఉన్నప్పుడు డ్రెయిన్ నీళ్లు నదిలోకి దిగవు. వెనక్కి మళ్లి చేలు ముంచుతాయి. ‘నీళ్లు ఎగదన్నాయి’ అంటాం. ఎగ అంటే పైకి, ఎగబాకడంలో ఉన్నదే. దానికి ‘తన్ను’ చేరి త కాస్తా ద అయింది. దిగాల్సినదాన్ని దిగనివ్వకపోవడం. ఇంతకంటే సరైన మాట ఉందా?

నరసాపురం నుంచి:
మాట బాగుందండి, కానీ అన్నిటికీ అతకదు. మార్కేరియన్ 231 గెలాక్సీలో వాయువు సెకనుకు సుమారు వెయ్యి కిలోమీటర్ల వేగంతో బయటికి పోతోంది. అది ఎగదన్నడం కాదు, గట్టు తెగిన వెల్లువ. పెర్సియస్ గెలాక్సీ గుంపు సంగతి వేరు. అక్కడ చుట్టూ ఉన్న వేడి వాయువు చల్లారి నడుమకు దిగాలి. కృష్ణబిలం చిమ్మే ధారలు అందులో పెద్ద పెద్ద బుడగలు ఊది దాన్ని చల్లారనివ్వవు. మీ మాట దానికి అచ్చంగా సరిపోతుంది.

రావులపాలెం నుంచి:
మాది లంక భూమి అండి. వరద పంట తీసుకుపోతుంది, ఒండ్రు వేసిపోతుంది. ఆ ఒండ్రు మీదే మళ్లీ కూరగాయలు. గెలాక్సీల్లోనూ అలాంటిది ఉంది. బయటికి పోతున్న వాయువులోనే నక్షత్రాలు పుడుతున్నాయని 2017లో చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌తో ఒక గెలాక్సీలో గుర్తించారు. కాబట్టి పోయే వాయువుకు పెట్టే పేరులో నాశనం ఒక్కటే వినపడకూడదు.

అమలాపురం నుంచి:
ఇద్దరి మాటా ఒప్పుకుంటున్నాను. బయటికి పోయేది ‘వెల్లువ’, దిగనివ్వకపోవడం ‘ఎగదన్ను’. వెల్లువ అంటే మనకు ముంపూ గుర్తొస్తుంది, ఒండ్రూ గుర్తొస్తుంది. రెంటినీ కలిపి చెప్పాల్సినచోట ఫీడ్‌బ్యాక్ అనే ఉంచుదాం. ‘ప్రతిపుష్టి’ మాత్రం వద్దండి.