విశాఖలో పాత టేకు తెరచాప పడవ అమ్మకానికి ఉంది, గోదారికి తెచ్చుకుంటే నిలుస్తుందా?

అమలాపురం అబ్బాయి:
అందరికీ నమస్కారమండీ. పాతికేళ్ళు షిప్పుల్లో ఇంజన్ రూమ్‌లో పనిచేసి రెండేళ్ళ కిందట ఇంటికొచ్చేశాను. విశాఖలో ఒక పెద్దాయన తన పడవ అమ్ముతున్నారని తెలిసి వెళ్ళి చూసొచ్చాను. 32 అడుగుల పొడవు, ఒకటే తెరచాప కొయ్య, బర్మా టేకు పలకలు, రాగి రివెట్లు, అడుగున సీసం బరువు. 1974లో కట్టింది. ఆయన దగ్గర లావుపాటి నోటు పుస్తకం ఒకటి ఉంది, ఏ సంవత్సరం ఏ పలక మార్చారు, వార్నిష్ ఎన్ని లీటర్లు పట్టింది, తెరచాప ఎన్నిసార్లు కుట్టించారు, మొత్తం చేత్తో రాసుకున్నారు. చివరి నాలుగు పేజీల్లో అక్షరాలు వణుకుతున్నాయి. ఎనిమిది నెలల నుంచి పడవ గట్టు మీద స్టాండ్ల పైనే ఉందట. 14 లక్షలు అడుగుతున్నారు.

మా నాన్న కాలువల మీద సరుకు పడవ నడిపిన మనిషి. నాకు యానాం దగ్గరో కోరంగి ఏట్లోనో దీన్ని కట్టుకోవాలని ఉంది. నీళ్ళలో అయిదున్నర అడుగులు దిగుతుంది. కొయ్య ఎత్తు 42 అడుగులు. చెక్క పడవలతో అనుభవం ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి, తీసుకోవద్దంటే వద్దనే చెప్పండి.

యానాం రేవు:
ముందు లోతు సంగతి చూసుకోండి. అయిదున్నర అడుగులంటే ఇక్కడ చాలా ఎక్కువ. గౌతమి సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలు వరద వరదకీ జరుగుతాయి, నిరుడు దారి ఉన్నచోట ఈ ఏడు మోకాల్లోతు ఉంటుంది. ఏటి మొగలో ఉన్న భైరవపాలెం జాలర్లు కూడా పోటు చూసుకునే లోపలికి వస్తారు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటుకీ పాటుకీ మధ్య నాలుగైదడుగుల తేడా వస్తుంది కాబట్టి పోటులో కట్టిన పడవ పాటులో బురద మీద పక్కకి ఒరిగిపోతుంది. మన నావలకి అడుగు చదును, కూర్చుంటాయి. మీదానికి అడుగున రెక్కలా దిగుతుంది కదా, అది కూర్చోదు. ఎదుర్లంక బ్రిడ్జి కింద నుంచి పైకి తీసుకెళ్దామంటే ఆ కొయ్యతో ముందు ఎత్తు కొలుచుకోవాలి.

వడ్రంగి కొడుకు:
మాది తాళ్ళరేవు అండీ. మా నాన్న, పెదనాన్న సోనా బోట్లు, అంటే చేపల వేటకెళ్ళే ఇంజను పడవలు కట్టినవాళ్ళు, ఇప్పుడు ఫైబర్ వచ్చాక ఆ పని బాగా తగ్గిపోయింది, నేను సగం రోజులు ఇళ్ళ తలుపులు చేస్తున్నాను. అయినా చెక్క గురించి అడిగారు కాబట్టి చెప్తాను.

ఎనిమిది నెలలు గట్టు మీద ఎండలో ఉందంటే పైకి ఎంత మెరిసినా పలకలు ఎండి లోపలికి లాక్కుంటాయి. పట్టపగలు లోపలికి దిగి, పైన మూత వేయించి, వెల్లకిలా పడుకుని పక్క పలకలు చూడండి. సందుల్లోంచి ఎండ సన్నటి దారంలా కనిపిస్తే భయపడొద్దు, నీళ్ళలో పెడితే చెక్క నాని బిగుసుకుంటుంది. భయపడాల్సిందల్లా అమ్మేవాళ్ళు ఆ సందుల్లో గట్టి లప్పం కూరేసి రంగు కొట్టేస్తే. చెక్క ఉబ్బినప్పుడు లప్పం చోటివ్వదు, పలక లోపలి పక్కటెముకల్ని విరిచేస్తుంది. మేమైతే సందుల్లో కూరిన పాత నూలు తీసి కొత్త నూలు ఉలితో కొట్టి, గుగ్గిలం నూనెలో కాచి పట్టిస్తాం, అది మెత్తగా ఉంటుంది కాబట్టి చెక్కతో పాటు సర్దుకుంటుంది. దించే ముందు వారం రోజులు తడి గోనెసంచులు కప్పించండి, దించాక ఒక రాత్రంతా క్రేన్ బెల్టుల్లోనే ఉంచి పంపు నడపండి.

చెక్క ఎక్కడ కుళ్ళుతుందో కూడా చెప్తాను. అందరూ నీళ్ళ కింద చూస్తారు. ఉప్పు నీళ్ళు చెక్కని కుళ్ళనివ్వవు, వాన నీళ్ళే కుళ్ళబెడతాయి. డెక్ అంచు కింద, కొయ్య దిగే చోట, వెనక పలక మూలల్లో చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్ళండి. టంగుమంటే మంచి చెక్క, డబ్బుమని మూగగా పలికితే అక్కడ చాకు మొన ఆనించండి.

పైరగాలి:
మొత్తం అడుగు భాగానికి ఫైబర్ తొడుగు వేయించేస్తే ఈ తలనొప్పంతా పోతుంది కదా? మా బంధువుల బోటుకి వేయించారు.

వడ్రంగి కొడుకు:
వద్దు తమ్ముడూ. పాత పలకల పడవ నీళ్ళలో కదులుతుంది, ఫైబర్ కదలదు. రెండిటి మధ్యా నీళ్ళు చేరితే బయటకి రావు. అలా చేసిన పడవ ఒకటి నేనే విప్పాను, పైన అద్దంలా ఉంది, తొడుగు ఊడదీస్తే చెక్క తడిసిన అట్టముక్కలా చేతికొచ్చింది.

పాత సరంగు:
నాకు డెబ్బై దాటాయి, టైపు తప్పులుంటే క్షమించండి. మా రోజుల్లో వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పడవలన్నీ గట్టెక్కించి బాగుచేసుకునేవాళ్ళం. బ్రిడ్జి వచ్చిన ప్రతిచోటా కొయ్య పడుకోబెట్టి, దాటాక మళ్ళీ నిలబెట్టడం, గాలి లేకపోతే గట్టెమ్మట తాడు భుజానేసుకుని లాగడం. మీ నాన్నగారికి ఇవన్నీ తెలుసుంటాయి బాబూ.

పురుగు సంగతి ఎవరూ చెప్పలేదేమిటి? ఉప్పూ తీపీ కలిసే నీళ్ళలో చెక్క తొలిచే పురుగు ఉంటుంది. లోపలికి దూరేటప్పుడు సూది మొనంత కన్నం, లోపల పెరిగి వేలు లావు సొరంగం చేస్తుంది, బయట రంగు చెక్కుచెదరదు. దానికి మందు తియ్యటి నీళ్ళు. గోదారికి ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో యానాం దాకా నీళ్ళు తియ్యగా అయిపోతాయి, కొన్ని వారాలు అందులో ఉంటే పురుగు చచ్చిపోతుంది. కానీ వరదలో దుంగలు కొట్టుకొస్తాయి, ఆ పడవని నడి ఏట్లో ఉంచకూడదు. వేసవిలో ఉప్పు పైకి ఎక్కుతుంది, అప్పుడు రాగి కలిసిన రంగు అడుగున లేకుండా ఒక్క నెల కూడా ఉంచొద్దు.

తుఫానంటే 1996 నవంబరు 6 రాత్రి నేను చూశాను. ముందురోజే మడ అడవుల్లో సన్నటి పాయలోకి దూరి, నాలుగు పక్కలా చెట్లకి వదులుగా తాళ్ళు కట్టినవాళ్ళ పడవలు మిగిలాయి. రేవులో బిగించి కట్టినవి ముక్కలయ్యాయి. మీది అయిదున్నర అడుగులు, ఆ పాయల్లోకి రాదు. అది ఆలోచించుకోండి.

మడచెట్టు:
కాకినాడే మంచిది అనిపిస్తోంది. హోప్ ఐలాండ్ అడ్డం ఉండటం వల్ల ఆ బే లోపల అల తక్కువ. జగన్నాథపురం ఉప్పుటేట్లో మాత్రం చోటు దొరకడం కష్టం, పూడిక కూడా ఉంది. ఇంకోటి, పడవకి ఇంజను ఉంటే కాగితాలు చూసుకోండి. 2021 ఇన్లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం నదిలో తిప్పాలంటే సర్వే, రిజిస్ట్రేషన్ కావాలి. 2019లో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిన తర్వాత మా ఇంట్లో వాళ్ళు లైఫ్ జాకెట్ లేకుండా ఏరు దాటించే పంటు కూడా ఎక్కనివ్వడం లేదు, మీరూ అలాగే ఉండండి.

అమలాపురం అబ్బాయి:
ఎవరికి వేరుగా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదండీ. నిన్న మళ్ళీ వెళ్ళాను. వడ్రంగి గారు చెప్పినట్టే పడుకుని చూశాను, ఎడమ పక్క మూడు సందుల్లో ఎండ దారం కనిపించింది, లప్పం ఎక్కడా లేదు, పెద్దాయనే కూరనివ్వలేదట. సుత్తితో తడుతూ వెళ్తే వెనక పలక కుడి మూలలో మూగగా పలికింది, చాకు మొన గోరంత లోపలికి దిగిపోయింది. ఆయన పక్కనే ఉన్నారు. ఏమీ అనలేదు, నోటు పుస్తకం తీసి ఆ రోజు తారీఖు వేసి 'వెనక పలక, కుడి మూల, మెత్తబడింది' అని రాసుకున్నారు. సీసం పట్టి ఉంచే బోల్టు ఒకటి ఊడదీసి చూపించమంటే దానికీ ఒప్పుకున్నారు. కంచుది, శుభ్రంగా ఉంది. పలక ఖర్చు తగ్గించి 12న్నరకి ఇస్తానన్నారు.

యానాం ఆశ వదిలేశాను. కాకినాడలో లోతున్న చోట అద్దెకి అడుగుతున్నాను, దొరికితేనే అడ్వాన్స్ ఇస్తాను. ఏడాదికి లక్షా పాతిక వేలు దాని పోషణకి పక్కన పెట్టగలనా అని ఇంట్లో లెక్కేసుకున్నాం. మా ఆవిడ ఒకటే అడిగింది, ఆయన యాభై ఏళ్ళు రాసిన పుస్తకంలో నువ్వు రోజూ రాస్తావా అని. రాస్తానన్నాను.

పాత సరంగు:
సముద్రం మీద తెచ్చేటట్టయితే సంక్రాంతి వెళ్ళగానే బయల్దేరండి. తుఫాన్ల రోజులు అయిపోతాయి, ఈశాన్యం గాలి ఇంకా వీపు మీదే ఉంటుంది. విశాఖ నుంచి కాకినాడకి 75 నాటికల్ మైళ్ళు, ఒక పగలూ ఒక రాత్రీ. మరీ ఆలస్యమైతే గాలి దక్షిణానికి తిరగడం మొదలెడుతుంది, అప్పుడు ఎదురెక్కాలి. మనిషి తక్కువైతే చెప్పండి, చుక్కాని దగ్గర కూర్చోగలను.

వడ్రంగి కొడుకు:
వెనక పలకకి సరిపడా పాత టేకు దూలం మా షెడ్డులో ఉంది, పడగొట్టిన మండువా ఇంటిది, ఆరడుగులు వస్తుంది. ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టాను. మూల కొలతలు, పలక మందం పంపండి.