పెద్ద తెర మీద వర్చువల్ ఫీల్డ్ ట్రిప్: పిల్లలకు కళ్లు తిరుగుతున్నాయి

ఎనిమిదో తరగతికి సైన్స్ చెబుతాను. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం లోపలి 360 డిగ్రీల దృశ్యాలు 2017 నుంచి గూగుల్ స్ట్రీట్ వ్యూలో ఉన్నాయి కదా, వాటిని ప్రొజెక్టర్ మీద చూపిస్తున్నాను. హెడ్‌సెట్లు లేవు, మౌస్ నా చేతిలోనే ఉంటుంది.

పది నిమిషాలు దాటేసరికి ముందు వరుసల్లో కొందరికి కళ్లు తిరుగుతున్నాయి, ఒకరిద్దరికి వికారం కూడా. వెనక వరుసల వాళ్లు హాయిగానే ఉంటున్నారు. కంటికి కదలిక కనిపిస్తుంటే లోపలి చెవికి అది తెలియకపోవడం వల్ల ఇలా అవుతుందని తెలుసు. మ్యూజియం టూర్లలో ఇంత ఇబ్బంది రాలేదు. అక్కడ నేల, పైకప్పు స్పష్టంగా తెలుస్తాయి, ఇక్కడ నాలుగు వైపులా పరికరాలే, అందుకేనేమో.

లైట్లు వేసి చూపించాను, మెల్లగా తిప్పాను, ముందు బెంచీలు వెనక్కి జరిపించాను. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. స్క్రీన్‌షాట్లు చూపిస్తే ఎవరికీ ఏమీ కావడం లేదు కానీ, "ఇది పుస్తకంలో బొమ్మే కదా సార్" అంటున్నారు. నిజమే, చుట్టూ చూసే అనుభూతి లేకపోతే ఈ శ్రమంతా ఎందుకు?

ఒకే పెద్ద తెర మీద 360 డిగ్రీల దృశ్యాన్ని కళ్లు తిరగకుండా చూపించడానికి మీ క్లాసులో పనిచేసిన పద్ధతి ఏమిటి?